తుప్పు పట్టని పిన్ను

పాత బ్యాడ్జీల కొట్టు, మధ్యాహ్నం. బల్లకి అటువైపు కొట్టాయన, ఇటువైపు ఒక టైలరమ్మ. లోపలి గదిలో కొట్టాయన తల్లి.

"చెయ్యి, చెయ్యి! చెయ్యి తియ్యండమ్మా! అద్దం మీద వేలిముద్రలు పడితే మళ్ళీ తుడుచుకోవాల్సింది నేనే."

"అద్దం ముట్టుకోలేదండీ. ఈ కార్డు చదువుతున్నా."

"కార్డులు రేపు తీరిగ్గా చదువుకోవచ్చు. ప్రదర్శన పొద్దున పదింటికి, పాత మిల్లు క్యాంటీన్లో. సమ్మె జరిగి యాభై ఏళ్లు కదా, ఊరంతా వస్తుంది. మీరూ రండి, టికెట్ లేదు."

"ఈ ఫొటో కింద 'కంపెనీకి అమ్ముడుపోయిన మనిషి' అని రాశారు."

"రాశాను. అచ్చుతప్పు ఉందా?"

"ఫొటోలో ఉన్నది మా అమ్మండీ."

"…మీ అమ్మా?"

"మా అమ్మే."

"ఓహో! అలా చెప్పండి మరి. వచ్చి అరగంటైంది, ఇదేంటి, అదేంటి అని నా బుర్ర తిన్నారు. సబ్బుల కంపెనీ వాళ్ళు ఊరికే పంచినవి, సైకిళ్ల కంపెనీవి, ఎలక్షన్లవి, అన్నీ విప్పి చూపించాను. రేకు చిప్ప మీద కాగితం, కాగితం మీద సెల్యులాయిడ్ పొర, వెనక రింగు, రింగులో పిన్ను, ఒక్క నొక్కుతో ఐదూ ఒకటైపోతాయి, ఈ పద్ధతి పుట్టి నూరేళ్ల పైమాటే అని పాఠం చెప్పాను. పాపం బ్యాడ్జీలంటే ప్రాణమేమో అనుకున్నా!"

"పాఠం బాగుందండీ. నేను బట్టలు కుట్టేదాన్ని, నాకూ పిన్నులతోనే పని."

"మీ గుండుసూదుల్నీ వీటినీ ఒకే గాటన కట్టకండి దయచేసి."

"కట్టను. ఆ కార్డు తీసెయ్యమని అడగడానికొచ్చాను."

"తీసెయ్యాలా? ఇంకా నయం, మీ అమ్మకి దండ వెయ్యమన్లేదు!"

"ఒరే! ఎవర్రా వచ్చింది? మంచినీళ్లిచ్చావా?"

"ఎవరో టైలరమ్మలే అమ్మా. నువ్వు పడుకో."

"కూర్చోమన్నావా?"

"కుర్చీ నిండా బ్యాడ్జీలున్నాయి! పడుకోమన్నానా… చూశారా, ఈవిడకి డెబ్భై రెండొచ్చాయి, ఇంకా కొట్టుకి పెత్తనం తనదే అనుకుంటుంది. బ్యాడ్జీకీ బొత్తానికీ తేడా తెలీదు. ఏం మాట్లాడుతున్నాం మనం?"

"కార్డు."

"ఆ. కార్డు తియ్యను."

"మా అమ్మ బతికే ఉందండీ. ఎనభై దాటింది. రేపు వస్తానంటోంది. యాభై ఏళ్ల తర్వాత ఒక్కసారి ఆ గేటు లోపల అడుగు పెడతానంటోంది. వచ్చి, ఇది చదువుకుని, ఊరందరి ముందూ నిలబడాలా?"

"కళ్ళజోడు ఇంట్లో పెట్టేసి రమ్మనండి."

"మనిషేనా మీరు?"

"మనిషినే. నిఖార్సయిన మనిషి కొడుకుని. మీ బాధ వేరు, చరిత్ర వేరు. మీకు బాధగా ఉందని చరిత్రని మడిచి గూట్లో పెట్టమంటే ఎలా?"

"చరిత్రంటే ఏంటో చెప్పండి మరి, వింటాను."

"చెప్తాను, నాకేం మొహమాటం! సమ్మె నలభై ఒక్క రోజులు. ఎర్ర రంగు మీద తెల్ల నూలు కండె, అదీ బ్యాడ్జీ. యూనియన్ గదిలో చేతి మిషన్ మీద నొక్కారు. మూడొందల పన్నెండు మందికి మూడొందల పన్నెండు. బ్యాడ్జీ ఉంటేనే మీటింగులోకి రానిచ్చేవాళ్ళు. కంపెనీ వాడు తక్కువ తిన్నాడా, అచ్చం అలాంటివే దొంగవి చేయించి తన మనుషులకి తగిలించాడు. లోపల అనుకున్న మాట గంటలో మేనేజరు చెవిలో పడేది. అప్పుడు మా నాన్న…"

"మీ నాన్నగారు మొదట్నుంచీ ఈ మిల్లేనా?"

"కాదు. పక్కూరి మిల్లు నుంచి తొమ్మిదో రోజున వచ్చాడు, సాయం చేద్దామని. గుండెల మీద బ్యాడ్జీతో గేటులోకి నడిచొచ్చాడట, చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. వారం తిరక్కుండా ఆయనే నాయకుడు. మాట అలాంటిది! మధ్యలో అడ్డం రాకండి. ముప్పై ఎనిమిదో రోజున అందరినీ గేటు దగ్గర వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి బ్యాడ్జీ తిప్పి చూశాడు. అసలు బ్యాడ్జీకి వెనక రింగు మీద మనిషి నంబరు కొట్టి ఉంటుంది. మీ అమ్మ దగ్గరకొచ్చి ఆగాడు. నంబరు లేదు. అంతే, దొంగ దొరికింది!"

"ఆ బ్యాడ్జీ ఇంకెవరైనా చూశారా?"

"మా నాన్న చూశాడు. చాల్దా?"

"చూసి జేబులో వేసుకున్నాడట. అమ్మ నూట నలభై ఏడు, నూట నలభై ఏడు అని గొంతు పోయేలా అరిచిందట, ఒక్కసారి బయటికి తీసి అందరికీ చూపించమని. తియ్యలేదట."

"దొరికినవాళ్ళందరూ అరుస్తారమ్మా."

"సాయంత్రానికి మా సామాను రోడ్డు మీదుంది. నాకప్పుడు రెండేళ్లు. కుట్టుమిషన్నీ నన్నూ ఒకే తోపుడుబండిలో పడేసి తోసుకుంటూ పోయిందట అమ్మ. వెనకాల జనం ఉమ్మి వేశారట."

"వెయ్యరా మరి? మూడు రోజుల్లో సమ్మె కూలిపోయింది. చేసేది లేక నాన్నే రాజీ కుదిర్చాడు. ఆయన సత్తా చూసి చివరికి కంపెనీ వాడే పిలిచి సూపర్‌వైజర్ ఉద్యోగం ఇచ్చాడు."

"కంపెనీ వాడే ఇచ్చాడా?"

"ఏం, ఆ నవ్వెందుకు? శత్రువు కూడా మెచ్చుకున్నాడని అర్థం!"

"నవ్వలేదండీ. నా మూతే అంత."

"ఇలా రండి, ఇటు. నవ్వడం కాదు, దీన్ని చూసి దణ్ణం పెట్టుకోండి. మా నాన్న చొక్కా! ఆ నలభై ఒక్క రోజుల్లో వేసుకున్నది. బ్యాడ్జీ ఎక్కడుందో అక్కడే ఉంది. ఈ ప్రదర్శన మొత్తానికీ గుండెకాయ ఇదే."

"తీసి ఒకసారి చూపిస్తారా?"

"అపచారం! మా వృత్తిలో మొదటి నియమం అది. పాత బట్ట మీద పాత బ్యాడ్జీ ఉంటే చచ్చినా విప్పకూడదు. విప్పావా, దాని విలువ పోయింది. మిగతా ప్రతి బ్యాడ్జీనీ వెనక్కి తిప్పి భూతద్దం పెట్టి చూస్తాను నేను. దీన్ని మాత్రం ఇప్పటిదాకా వేలితో కదపలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా! ఆ ఎరుపు చూడండి. యాభై ఏళ్లు పోయినా నిన్న చేసినట్టుంది. ఈ కాలం వాళ్ళని ఇలాంటి ఎరుపు వెయ్యమనండి చూద్దాం. రెండు రోజుల్నుంచి వచ్చినవాళ్ళందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు."

"ఆ సంచిలోవి కూడా అంతే ఎర్రగా ఉన్నాయి కదండీ?"

"అవా! అవి రేపు పిల్లలకి పంచడానికి చేయించిన నకళ్లు, ఐదొందలు. దానికీ దీనికీ పోలికేంటి, కళ్ళున్నాయా మీకు? పైగా ప్రతి నకలు వెనకా నా కొట్టు పేరు అచ్చు వేయించాను, రేపెవడూ పాతదని చెప్పి అమ్ముకోకుండా. మోసం మా వంశంలో లేదు."

"చొక్కా బాగా ఇస్త్రీ చేశారండీ."

"మా అమ్మ చేసింది మొన్న. బ్యాడ్జీ జోలికి పోకుండా చుట్టూ చెయ్యమని పదిసార్లు చెప్పి, తలుపు దగ్గర కాపలా కూర్చున్నా. మధ్యలో ఫోనొచ్చి లేవాల్సొచ్చింది గానీ… ఏమైతేనేం, పాడుచెయ్యలేదు. అదే గొప్ప."

"గుడ్డ మీద ఒక్క మరక కూడా లేదు."

"మా నాన్న శుభ్రం అలాంటిది. సరే, చూశారుగా. ఇంక దయచెయ్యండి, నాకు వంద పనులున్నాయి."

"ఒక్క నిమిషమండీ. ఒకటి తెచ్చాను, చూసి పెట్టండి. ఈ జేబురుమాల్లో ఉంది."

"ఏంటది… అబ్బో! ఎర్ర రంగు, తెల్ల కండె! ఇన్నాళ్లూ దాచారన్నమాట. ఏడుపు కథంతా చెప్పి చివరికి ఇది బయటికి తీశారా? దీన్ని పట్టుకుని నా దగ్గరికే వచ్చారంటే మీ ధైర్యానికి మెచ్చుకోవాలి."

"అసలుదో దొంగదో చెప్పండి చాలు. మీకంటే తెలిసినవాళ్ళు లేరంటారు కదా."

"లేరు. అరనిమిషం పని… ఊ. కాగితం బాగానే ఉంది. పొర బాగానే ఉంది. పైపైన ఎవడైనా మోసపోతాడు. ఇప్పుడు తిప్పుదాం. హహ్హ! చూడండి, మీరే చూడండి! ఏముంది రింగు మీద?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదు! నంబరు లేదు, గోరంత గీత కూడా లేదు. ఇంకోటి చూపిస్తా, పుస్తకాల్లో కూడా దొరకదు, నేను కనిపెట్టింది. పిన్ను చూడండి."

"మెరుస్తోంది."

"మెరవదా, ఇత్తడి! యూనియన్ దగ్గర డబ్బెక్కడిది? ఇనప తీగ కొని వంచుకున్నారు. చెమటకి పది రోజుల్లో తుప్పు పట్టేది. ఆ మూడొందల మందిలో ఎవరి చొక్కా చూడండి, ఎవరి చీర చూడండి, ఎడమవైపు రెండు తుప్పు చుక్కలుంటాయి. ఎంత ఉతికినా పోవు. ప్రదర్శనకి వచ్చిన చొక్కాలు ఇంకో మూడున్నాయి, మూడింటికీ ఉన్నాయి. కంపెనీ వాడికి డబ్బు జబ్బు కదా, ఇత్తడి తీగ వేయించాడు. అక్కడే పప్పులో కాలేశాడు. తుప్పు లేదంటే ద్రోహి అన్నట్టే."

"ఎంత ఉతికినా పోవా?"

"మీరు బట్టలు కుట్టేవారే కదా, మీకు తెలీదా? పోతాయా?"

"పోవు. తెలుసు."

"మరింకేం. తీసుకోండి మీ నిధి."

"కాదండీ, ఆ మాట కాగితం మీద రాసివ్వండి. సంతకం పెట్టి."

"రాసివ్వాలా? పిచ్చా మీకు? మీ పరువు మీరే తీసుకుంటారా?"

"తేలిపోవాలి కదండీ. మా అమ్మకీ ఒక జవాబు కావాలి. యాభై ఏళ్లుగా అడుగుతోంది."

"సంతోషంగా రాసిస్తా! ఏదీ పెన్ను… 'ఈ బ్యాడ్జీ యూనియన్ చేసినది కాదు. కంపెనీ చేయించి తన మనుషులకిచ్చినది. దీన్ని పెట్టుకున్నవాళ్ళు కంపెనీకి అమ్ముడుపోయిన మనుషులు.' చాలా?"

"అనుమానం లేదని కూడా రాయండి."

"'ఏ అనుమానమూ లేదు.' సంతకం. తేదీ. కొట్టు ముద్ర కూడా గుద్దుతాను, ఉండండి. ఇదిగో. ఫ్రేము కట్టించి మీ అమ్మ మంచం పక్కన పెట్టండి."

"రేపు ఇంకెవరైనా వచ్చి ఇది తప్పంటే?"

"వాడి నోరు నేను మూయిస్తా. ఎంతటివాడైనా సరే. నేను చెప్పిందే ఆఖరు."

"థాంక్సండీ."

"మీ అమ్మ బ్యాడ్జీ మర్చిపోతున్నారు. దాన్ని నా బల్ల మీద ఉంచకండి, ఈ చెత్త నాకొద్దు."

"మా అమ్మదని నేనెప్పుడన్నాను?"

"ఏంటి?"

"మా అమ్మది మీ నాన్నగారు జేబులో వేసుకున్నారు కదండీ. మళ్ళీ ఇవ్వలేదు. మా ఇంట్లో ఏ బ్యాడ్జీ లేదు. మా అమ్మ చీర ఒకటుంది. ఎడమవైపు రెండు తుప్పు చుక్కలు. ఉతికి ఉతికి చీర చిరిగింది గానీ అవి పోలేదు."

"మరి ఇదెక్కడిది? సంతలో కొన్నారా? నాతో ఆటలాడుతున్నారా?"

"మా అమ్మ ఇంకో మాట చెప్తుందండీ. గేటు దగ్గర గొడవకి ముందు రోజు, నీళ్ల కుళాయి దగ్గర, ఒకాయన్ని ఊరికే నవ్వులాటగా అడిగిందట. 'ఏం అన్నా, మా చీరలన్నీ తుప్పు మరకలైపోయాయి, నీ చొక్కా ఇంత తెల్లగా ఎలా ఉంది? నీ పిన్ను మెరుస్తోందేంటి?' అని. అంతేనట అడిగింది. తెల్లారేసరికి తనే దొంగైంది."

"ఎవర్ని అడిగింది?"

"మీకు తెలీదా?"

"ఎవర్ని అడిగిందో చెప్పమంటున్నా!"

"మీ నాన్నగార్ని."

"చాలు. బయటికి నడవండి. ఆడవాళ్ళు కదా అని ఊరుకుంటున్నా. చచ్చినాయన మీద బురద జల్లడానికి వచ్చారా? యాభై ఏళ్లు ఆలోచించి అల్లిన కథ ఇదేనా? కాస్త బాగా అల్లాల్సింది!"

"అరవకురా. ఆవిడ్ని నేనే రమ్మన్నాను."

"అమ్మా! నువ్వెందుకు లేచొచ్చావు? పద, లోపలికి పద."

"పక్కకి జరుగు. కుర్చీలో ఆ చెత్త తీసెయ్. కూర్చో అమ్మా, నువ్వు కూర్చో. వీడు నిలబడతాడు."

"పర్లేదు పెద్దమ్మా."

"కూర్చోమన్నానా. మీ అమ్మని ఆ రోజు నిలబెట్టాం, చాలు."

"అమ్మా, నీకేం తెలీదు ఇందులో. ఈవిడ నీకేవో కాకమ్మ కబుర్లు చెప్పి…"

"రింగుల మీద నంబర్లు ఎవరు కొట్టారో తెలుసా నీకు?"

"యూనియన్ గదిలో ఎవరో…"

"ఎవరో కాదు, నేను. ఇరవై రెండేళ్ల పిల్లని. ఒక చేత్తో మేకు, ఇంకో చేత్తో సుత్తి. ఒకటి నుంచి మూడొందల పన్నెండు దాకా ఈ చేత్తోనే కొట్టాను. ఈ బొటనవేలి గోరు అప్పుడు పోయిందే, మళ్ళీ సరిగ్గా రాలేదు."

"నువ్వా? నువ్వెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడడిగావు? ఊళ్ళో ప్రతి ముసలాడి ఇంటికీ వెళ్లి టేపు రికార్డరు పెట్టావు. ఒకే ఇంట్లో ఉన్నాను, నన్నొక్కసారి అడిగావా? బ్యాడ్జీకీ బొత్తానికీ తేడా తెలీదంటివి!"

"అది కాదమ్మా…"

"నూట నలభై ఏడు నేనే కొట్టాను. ఏడు సరిగ్గా పడలేదని రెండోసారి కొట్టాను, ఇప్పటికీ గుర్తే. ఆ రోజు గేటు దగ్గర ఉన్నాను నేను. ఆయన నంబరు లేదు అని అంత గట్టిగా అంటుంటే, ఏమో, నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. నోరు పెగల్లేదురా. సమ్మె అయ్యాక అదే మనిషిని పెళ్లి చేసుకున్నాను. ఇదిగో, ఈ పిల్లని తోపుడుబండిలో తోసుకుంటూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు బుద్ధి లేదు, అప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు."

"ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? నాన్న చూశాడు, చెప్పాడు. ఈవిడ ఎక్కడో ఇత్తడి బ్యాడ్జీ ఒకటి సంపాదించి…"

"బతికినంత కాలం ఆ చొక్కా ఉతకనివ్వలేదు నన్ను. పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. జ్ఞాపకం కదా అనుకున్నాను. మొన్న నువ్వు ఇస్త్రీ చెయ్యమన్నావు."

"బ్యాడ్జీ విప్పొద్దన్నాను!"

"సెల్యులాయిడ్ పక్కన కాలే ఇస్త్రీపెట్టె పెట్టమన్నావు, పెద్ద తెలిసినవాడివి! భగ్గుమని అంటుకుంటుందని కూడా తెలీదు నీకు. నువ్వు ఫోన్లో అరుచుకుంటుంటే విప్పాను."

"విప్పావా! అమ్మా! విప్పి మళ్ళీ పెట్టావా? అక్కడే పెట్టావా? అదే కన్నంలో పెట్టావా?"

"విప్పితే గుడ్డ మీద రెండు కన్నాలున్నాయి. మరక లేదు. తెల్లగా ఉంది."

"నాన్న శుభ్రం…"

"ఇందాక నువ్వే చెప్పావుగా ఈవిడకి, ఎంత ఉతికినా పోదని. గోడ అవతల నుంచి విన్నాను. చాలా బాగా చెప్పావు."

"కాదు. అది కాదు. ఇదిగో, నాన్న బ్యాడ్జీ ఇక్కడే ఉంది, చొక్కా మీదే ఉంది! ఇనప పిన్నే ఉంటుంది, నంబరు ఉంటుంది. నియమం పోతే పోయింది, తిప్పి చూపిస్తా మీ ఇద్దరికీ. చూపించి ఈవిడ చేత క్షమాపణ చెప్పిస్తా."

"తిప్పు."

"తిప్పుతున్నా! అద్దం కాస్త పట్టుకోండి… మీకే చెప్పేది, పట్టుకోండి… ఇదిగో. ఇదిగో, చూడండి…"

"ఏం, ఆగిపోయావేం? ఏదో రాసుంది కదా. చదువు."

"ఇదేంటి, ఇది…"

"గట్టిగా చదవరా. ఈవిడ వాళ్ళమ్మకి చెప్పుకోవాలి."

"నా… నా కొట్టు పేరు."

"ఆ సంచిలోంచి తీసి పెట్టాను మొన్న. గుర్తుపడతావేమో చూద్దామనుకున్నా. రెండు రోజుల్నుంచి వచ్చినవాళ్ళందరికీ దాన్నే చూపించి మురిసిపోయావు."

"మరి నాన్నది? నాన్న బ్యాడ్జీ ఏం చేశావమ్మా? ఎక్కడ పడేశావు?"

"పడెయ్యలేదు. ఈ పిల్ల చేతికిచ్చి నీ దగ్గరికి పంపాను. నువ్వు సంతకం పెట్టి, ముద్ర కూడా గుద్దింది దానికే. ఆ కార్డు తియ్యక్కర్లేదు, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, ఫొటో మార్చు."